పోడియం కింద రెండు సంచులు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవరిని కదిపినా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉండేవాళ్లు. ఏమీ నేర్చుకోకుండా అక్కడ తిరిగిన చివరి మనిషిని బహుశా నేనే. మూడు కోర్సుల్లో చేరి, మూడింటిలోనూ మొదటి పాఠం మాత్రం క్షుణ్ణంగా చదివి, ఆఖరికి మా హాస్టల్ పక్క సందులో, కర్రీ పాయింట్ పైగదిలో నడిచే ఒక చిన్న కంపెనీలో కుదురుకున్నాను. సదస్సులు జరిపించడం మా పని. ఆఫీసులో అందరూ నన్ను ‘కోతలు’ అని పిలిచేవారు. (ఏది చెప్పినా దానికి సగం కలిపి చెప్పడం నా అలవాటు. ఆ సగం మీరు తీసేస్తే మిగిలింది నిజమే.) సదస్సు ఘనంగా జరిగిందో లేదో మర్నాడు పొద్దున హోటల్ వెనక పడ్డ గుట్టను చూసి చెప్పేవాళ్లం. ప్లాస్టిక్ ఫైళ్లు, సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాలు, తేదీ అచ్చువేసినందువల్ల మర్నాటికే పనికిరాకుండా పోయిన ఫ్లెక్సీలు, మెరుపు కాగితం చుట్టిన బొకేలు, వాటి మీద అన్నం. పంజగుట్ట ఫ్లైఓవర్ అంత ఎత్తు ఉండేది ఆ గుట్ట. (సగం తీసేయండి.)

అలాంటి మా దగ్గరికి ఒకరోజు పళ్ల డాక్టర్ల సంఘం కార్యదర్శి వచ్చారు. కోస్తా నుంచి వచ్చి ఎప్పుడో బంజారా హిల్స్‌లో స్థిరపడిన పెద్దావిడ. పన్ను పీకే ముందు పేషెంటుకి క్షమాపణ చెబుతారని ప్రతీతి. నన్ను ‘మీరు’ అన్న మొదటి మనిషి ఈ ఊళ్లో ఆవిడే. పంజగుట్ట హోటల్లో రెండు రోజుల సదస్సు, రెండు వందల మంది డాక్టర్లు. ఆవిడ షరతులు విని మా సార్ కుర్చీలోంచి లేచాడు. నీళ్ల సీసాలు వద్దు, స్టీలు గ్లాసులు కావాలి. మెడలో వేసుకున్న బ్యాడ్జీలు వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. ఫ్లెక్సీ వద్దు, గుడ్డ బ్యానర్ కావాలి, దాని మీద తేదీ ఉండకూడదు. తేదీ వేరే గుడ్డముక్క మీద రాసి పిన్నుతో గుచ్చాలి. భోజనానికి ఎవరెవరుంటారో ముందు రోజే చీటీ రాయించి, ఆ లెక్కకే వండాలి.

సంఘంలో ఇది ఎవరికీ నచ్చలేదు. అధ్యక్షుల వారు మా ముందే అడిగారు: “ఏంటి మేడమ్, చివర్లో మా చేత గిన్నెలు కూడా తోమిస్తారా?” ఆవిడ నవ్వలేదు. “రెండు రోజుల చెత్తనీ ముగింపు సభలో అందరి ముందూ తూకం వేయిద్దాం. ఇరవై కిలోలు దాటకపోతే ఇకమీదట మన సదస్సులన్నీ ఇలాగే జరగాలి. దాటితే ఈ మాట నేను మళ్లీ ఎత్తను” అన్నారు. అధ్యక్షుల వారు అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు. ప్రతి సదస్సు తర్వాత పడే గుట్టను ఆయన కూడా చూసినవారే మరి.

వంట మా బిర్యానీ చాచాది. చీటీల లెక్క చేతికిస్తే దాన్ని అద్దాల్లోంచి చూశాడు, అద్దాలు తీసి చూశాడు. “నూటా డెబ్బై రెండా? ఇది వంటనా బేటా, పరీక్షల మార్కులా? బిర్యానీ అయిపోయి గరిట హండీ అడుక్కి తగిలి టంగ్‌మన్నదనుకో, నా ఇజ్జత్ మొత్తం పాయె. ముప్పై ఏండ్ల సంది మెహమాన్లకు ఆ చప్పుడు వినబడనియ్యలే.” “చాచా, డాక్టరమ్మ లెక్కకే వండమన్నారు.” “సరే తీయ్, లెక్కకే వండుత. నువ్వు ఫికర్ చేయకు” అన్నాడు. చాచా ఫికర్ చేయకు అన్నాడంటే ఫికర్ చేయాలని నాకు తెలియాల్సింది.

మొదటి రోజు దివ్యంగా గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం చూస్తే, బల్ల మీద ఉండాల్సిన దానికంటే ఒక హండీ ఎక్కువ ఆవిర్లు కక్కుతోంది. అంత బిర్యానీ ఎదురుగా కనబడితే పళ్ల డాక్టరైనా మనిషే. ప్లేటు నిండా పెట్టుకున్నారు, సగం తిన్నారు, సగం వదిలేశారు. హండీలో ముట్టకుండా మిగిలినది పక్కనున్న ఆసుపత్రి బయట కూర్చున్న రోగుల బంధువులకు పంచేశాం. ఎంగిలి ప్లేట్లలోది ఎవరికిస్తాం? రెండు సంచులు నిండాయి.

తూకానికి బోరబండ నుంచి కాంటా అన్నను పిలిపించాం. పాత ఇనుము, అట్టలు కొనే మనిషి. సభకు ముందు వంటింటి వెనక నేను రహస్యంగా ఒకసారి తూయించాను. ఆ రెండు సంచులు లేకుండా పదిహేడు కిలోలు. వాటితో కలిపితే ముప్పై మూడు. డాక్టరమ్మ ముఖం గుర్తొచ్చింది. తర్వాత నేను చేసిన పనిని ఆ వయసులో తెలివి అనుకున్నాను. స్టేజీ మీద చెక్క పోడియం ఉంటుంది కదా, దానికి వెనకవైపు చిన్న తలుపు, లోపల ఖాళీ. సంచులు రెండూ అందులో సరిగ్గా పట్టాయి, కొలతలిచ్చి చేయించినట్టు.

కాంటా అన్న మాత్రం ఊరుకోలేదు. “అన్నా, రెండొందల మంది తిన్న జాగ గిది. చెత్త గింతేనా? ఇందాక ఇంకో రెండు సంచులు తూసినట్టు యాదికున్నది.”

“పళ్ల డాక్టర్లన్నా. బొక్కలు సుత నమిలి మింగుతరు.”

“మస్తు పళ్లు” అన్నాడు, నా కళ్లలోకి చూస్తూ.

ముగింపు సభ మొదలైంది. డాక్టరమ్మ పోడియం దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు. మొదటి వరుసలో ఒకాయన గాలి పీల్చి పక్కాయన వంక చూశాడు. పక్కాయన ఏసీ వంక చూశాడు. అప్పుడు వచ్చింది పిల్లి. హోటల్ వెనక తిరిగే ఒంటికన్ను పిల్లి, దూడంత ఉంటుంది. (సగం కాదు, దీనికి ముప్పాతిక తీసేయండి.) స్టేజీ మెట్లెక్కి, పోడియం వెనక్కి వెళ్లి, చిన్న తలుపు సందులో పంజా పెట్టి, ఒక ఎముకను నోట కరుచుకుని, స్టేజీ మధ్యకు వచ్చి, సభకు ఎదురుగా కూర్చుని నమలసాగింది. రెండు వందల మంది పళ్ల డాక్టర్లు దాని నోటివైపే చూస్తున్నారు.

డాక్టరమ్మ వంగి తలుపు తెరిచారు. సంచుల్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. “బాబూ, ఇవి మీరే పెట్టారా?” నోరు తెరిచాను. జన్మలో మొదటిసారి అందులోంచి ఏ కథా బయటికి రాలేదు. ఆవిడ నా నోట్లోకి చూసి, “పళ్లు బాగానే ఉన్నాయి, నోరు మూసుకోండి. ఆ సంచులు తెచ్చి కాంటా మీద పెట్టండి” అన్నారు.

పెట్టాను. “ముప్పై మూడు కిలోలమ్మా” అన్నాడు కాంటా అన్న, ఎందుకో తనే తప్పు చేసినట్టు. హాలు తలుపు దగ్గర చాచా టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “తప్పు నాది అమ్మా. ఒక హండీ ఎక్కువ దించిన. ఇజ్జత్ కోసం దించిన.” ఆవిడ తల అడ్డంగా ఊపారు. “మీరు వండారు. ప్లేట్లలో వదిలింది మేం” అని మైకు వైపు తిరిగారు. “పందెం ఓడిపోయాను. ఈ మాట మళ్లీ ఎత్తను.” అధ్యక్షుల వారు నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన తన బ్యాడ్జీ తీసి, దాని తాడును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు.

హాలు ఖాళీ అయ్యాక ఆవిడే నా దగ్గరికి వచ్చారు. “ఎందుకు దాచారు?”

“మీరు గెలవాలని, మేడమ్.”

“గెలిచేదాన్నే. కానీ ఈసారి ఎంత ఎక్కువ వండామో ఎవరికీ తెలిసేది కాదు. వచ్చేసారి కూడా అంతే వండేవాళ్లు.” గుడ్డ బ్యానర్ మడతపెట్టి నా చేతిలో పెట్టారు. “దీని మీద తేదీ లేదు. మా వాళ్లకు ఇక అక్కర్లేదు, మీ దగ్గర ఉండనివ్వండి.” మాటకు కట్టుబడి ఆ సంఘంలో ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

ఇప్పుడు అమీర్‌పేటలో మెట్రో మన నెత్తి మీద నుంచే పోతోంది. నాకూ ఒక చిన్న కంపెనీ ఉంది, నెత్తి మీద జుట్టు మాత్రం లేదు. బ్యానర్ వెనకవైపు తిప్పి, కొత్త పేర్లు గుడ్డ మీద రాసి గుచ్చి ఇప్పటికీ వాడుతున్నాను. పిన్నులు గుచ్చీ గుచ్చీ అంచులు జల్లెడయ్యాయి. చాచా ముసలివాడయ్యాడు, అయినా మా భోజనాల దగ్గర ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆఖరి వడ్డనలో గరిట హండీ అడుక్కి తగలగానే చెయ్యి పైకెత్తుతాడు: “విన్నవా బేటా? టంగ్!” ప్రతి సదస్సు చివరా కాంటా పెట్టించి తూయిస్తాను. ఈ కథ చెప్పినప్పుడల్లా నా పిల్లి ఇంకొంచెం పెరుగుతుంది కానీ, తూకంలో మాత్రం ఇప్పటిదాకా పావుకిలో కూడా అటూ ఇటూ చెయ్యలేదు. ఆ అంకెను అదే రోజు డాక్టరమ్మకు ఫోన్లో పంపుతాను. ఆవిడ ‘సరే’ అని ఒక్క ముక్క రాస్తారు.

మొన్న పంజగుట్టలో, అదే హోటల్లో, పద్దెనిమిది వచ్చింది. రెండు వందల మందికి ఇరవై లోపు రావడం ఇదే మొదటిసారి. వెంటనే పంపాను. చాలాసేపటికి జవాబు వచ్చింది: “పోడియం కింద చూశారా?”

చూశానండీ, తూకానికి ముందే చూశాను, ఖాళీగా ఉంది. అయినా ఫోను జేబులో పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, ఆ చిన్న తలుపు మళ్లీ ఒకసారి తెరిచాను.