సైరన్ ఆగాక పిన్ని పట్టిన స్వరం

ఆ కబురు ముందుగా మోసుకొచ్చింది ఇక్కడే ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఉండే మా మేనత్త కొడుకు. మొన్న ఆదివారం నేను ప్రార్థన ముగించుకుని వచ్చి తల మీద కొంగు ఇంకా తీయనేలేదు, వాడొచ్చి "వదినా, మీ సిన్నాన్న మీద కలకత్తావోళ్ళు సినిమా తీసినారు, సూడు!" అంటూ ఫోను నా చేతిలో పెట్టాడు. ఈ వయసులోనూ చూపునిచ్చిన దేవునికి స్తోత్రం చెప్పుకుని చూడడం మొదలుపెట్టాను. అది ముగిసేసరికి నా నోరు చేదెక్కిపోయింది.

అందులో మా చిన్నాన్న, లుంగీ మీద నల్లకోటు తొడుక్కుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఒళ్ళో గిటారుతో రాజాలా కూర్చున్నాడు. ఆ వేషం సినిమా కోసం వేసింది కాదు, ఎనభైల్లో మే నెల ఎండలోనూ ఆయన అలాగే బజారుకు వెళ్ళేవాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పని, సాయంత్రమైతే రైల్వేవాళ్ళ హాల్లో ఇంగ్లీషు రాక్ పాటలు. పాత రేడియోలు విప్పి తనే కట్టుకున్న స్పీకరు పెట్టెకు గిటారు తగిలించి మీట నొక్కాడంటే మా క్వార్టర్ల వరసంతా బల్బులు మసకబారేవి, ఎదురింటి బెంగాలీ ఆవిడ గుమ్మంలోకొచ్చి, "ఓ దీదీ, మీ ఇంజన్ చాలూ హో గయా?" అని మా పిన్నిని ఆటపట్టించేది. పిన్ని నవ్వేసి, "ఇంకా బొగ్గెయ్యలేదు దీదీ" అనేది.

పిన్ని అంటే ఆ చిన్నాన్న భార్య. చిన్నప్పటి జ్వరంలో కాలు పడిపోయి నేను బడికి వెళ్ళలేకపోతే, వంటింటి గడప మీద కూర్చోబెట్టుకుని, చర్చి పాటల పుస్తకంలోని అక్షరాలు చూపించి నాకు చదువు నేర్పింది ఆవిడే. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్ష, ఆవిడను నాకిచ్చిన ప్రభువు కృప.

సినిమాలో చిన్నాన్న గొప్పగా చెప్పుకున్నదీ, తీసినవాళ్ళు మురిసిపోయినదీ ఒకే సంగతి. ఆయన గిటారు తీగలను ఏ వాయిద్యంతోనూ సరిచూసుకునేవాడు కాదట, పొద్దున్నే మోగే వర్క్‌షాపు సైరన్‌కే శ్రుతి చేసుకునేవాడట. నిజమే, నా చెవులతో విన్నాను. కానీ సైరన్ ఎంతసేపు మోగుతుందో ఖరగ్‌పూర్‌లో పుట్టిన మనకు తెలియదా? ఆయన ఒక తీగ బిగించేలోపే ఆగిపోయేది. ఆగగానే, పొయ్యి ముందున్న పిన్ని ఆ స్వరాన్ని గొంతుతో అందుకునేది. బియ్యం కడుగుతూ, పొగకు కళ్ళు తుడుచుకుంటూ, ఆయన ఆరు తీగలూ ఒక్కొక్కటిగా సరిచూసుకునేదాకా సన్నగా, ఎక్కడా జారకుండా ఆ స్వరాన్ని నిలబెట్టేది. ఊపిరి కోసం ఆగితే, "ఏటే, సచ్చిపోనావా?" అని లోపలినుంచి కేక.

మన తెలుగు చర్చిలో క్రిస్మస్ పొద్దున మొదటి పాట పిన్నే ఎత్తుకునేది. మొదటి చరణం వాయిద్యం లేకుండా ఒక్క గొంతు పాడడం, రెండో చరణానికి హార్మోనియం, సంఘమంతా అందుకోవడం అక్కడి ఆనవాయితీ. ఏడాదంతా ఆవిడ ఎదురుచూసేది ఆ ఒక్క చరణం కోసమే. తొంభైలు మొదలైన కొత్తలో ఒక క్రిస్మస్‌నాడు, అలవాటైపోయిన ఆ సైరన్ స్వరంలోనే తెలియకుండా ఎత్తుకుంది. అది హార్మోనియంలో ఏ రెండు మెట్ల మధ్యనో ఉందిగాని ఏ మెట్టు మీదా లేదు. వాయించే ఆయన వెతికి వెతికి చేతులెత్తేశాడు, సంఘం తలోదారి పట్టింది, పిల్లలు పకపకా నవ్వారు. ఆరాధన కాగానే సంఘపెద్ద, "ఇంట్లో ఆ దెయ్యప్పాటలు ఇనీ ఇనీ నీ గొంతు సెడిపోనాదమ్మా, ఇంక పాటలకు నిలబడకు" అన్నాడు.

పిన్ని చిన్నాన్న కోటు పట్టుకుని, "అది మీకోసం పట్టిన సురమని ఆలకొక్క మాట సెప్పండి" అని బతిమాలింది. ఆయన పొంగిపోయి, "సూసినావా, నా శ్రుతి నీ గొంతులో దిగిపోనాది! తప్పు ఆల హార్మోనియందే" అంటూ స్నేహితులతో రిక్షా ఎక్కేశాడు. ఆ ఒక్కమాట ఆయన ఎన్నడూ చెప్పలేదు. మర్నాడు పొద్దున సైరన్ ఆగగానే పిన్ని మళ్ళీ ఆ స్వరం పట్టింది. చర్చిలో మాత్రం చివరి బల్ల మీద కూర్చుని, పోయేదాకా పెదవి విప్పలేదు.

సినిమాలో ఎవరో అడిగారు, ఇంట్లో ఎవరైనా తోడున్నారా అని. "ఎవురూ లేరు, మా ఇంట్లో సంగీతం తెలిసినోళ్ళెవురు?" అన్నాడాయన, నవ్వుతూ.

క్షమించమని ప్రభువు చెప్పాడు, రోజూ ప్రయత్నిస్తున్నాను, ఇంకా చేతకావడం లేదు. ఇప్పుడు ఆ క్వార్టర్లు పడగొట్టేశారు, ఇందా పేట నుంచి వచ్చే ఆటోలు ఆ స్థలం మీదుగానే తిరుగుతున్నాయి, చర్చిలో పిల్లలు గిటార్లతోనే పాడుతున్నారు, సంఘపెద్దలు చప్పట్లు కొడుతున్నారు. ఎవరినీ ఏమీ అనను. ఆ రోజుల్లో మా వరసలో ఉండి, పొద్దున్నే ఆ సన్నని గొంతు విన్నవాళ్ళు మీలో ఇంకా కొందరైనా ఉంటారు. ఆవిడకు పిల్లలు లేరు, ఫోటో అయినా మిగల్లేదు. ఈ రాత్రి ప్రార్థనలో మీవాళ్ళ పేర్లన్నీ చెప్పుకున్నాక, దయచేసి మా పిన్నిని ఒక్కసారి తలచుకోండి.