లండన్ పిల్లకు అవ్వ పెట్టిన షరతు

విజయనగరం నుంచి ప్రొద్దుటూరు పోయి, చుట్టమైన ఓబుళమ్మవ్వ ఇంట్లో దిగాను. మేడ మీద గదిలో తెలుగు నేర్చుకునే లండన్ పిల్ల ఎమిలీ అద్దెకుంది. అక్కడే ఉంటున్నట్టు అవ్వ సంతకంతో కాగితం ఆరోజే పోలీసాఫీసులో ఇవ్వకపోతే ఆమె వీసా రద్దవుతుంది.

“సంతకం పెడితే ఇల్లు రాయించుకుంటావేమో!” అంది అవ్వ.

“లేదవ్వా, నాలుగు నెలలు సదువుకొని పోతా,” అంది ఎమిలీ.

“మీవోళ్లూ అట్లే వచ్చి రెండువందల ఏండ్లు కూచున్నారు.”

“వాళ్లనెవరూ సంతకం అడగలేదవ్వా. నన్ను అడుగుతాండారు!”

అవ్వ పగలబడి నవ్వింది. కాగితం అడుగున నా చేత ఒక మాట రాయించి మరీ సంతకం పెట్టింది: ‘చదువుకు మాత్రమే. వ్యాపారం పెట్టరాదు.’

సాయంత్రం ఎమిలీ ముద్ర వేయించుకొని నవ్వుతూ వచ్చింది. చదువు తప్ప వేరే పని చేయరాదని వీసాలోనూ ఉందట.

“నన్నడిగే రాసినట్టుండారే!” అంది అవ్వ.