ఎదుటి మూలకి వెళ్ళి చెయ్యి కలిపిన మనిషి

మా కోచ్ పోయారు. మంగళవారం పొద్దున ఆఫీస్‌లో మీటింగ్ నడుస్తుండగా జిమ్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. లేచి బయటికొచ్చి హెర్న్‌డన్ ఆఫీస్ మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎందుకంటే ఆ మెసేజ్ కిందే ఎవరో బాక్సింగ్ వెబ్‌సైట్ వార్త ఒకటి అంటించారు. అందులో మొదటి వాక్యమే ఇది: ప్రేక్షకులకి విసుగు పుట్టించిన క్యూబా చాంపియన్ ఇక లేరు.

విసుగు! మనిషి ఒళ్ళు చల్లబడిందో లేదో, తీర్పు చెప్పేశారు.

ఆ ఒక్క మాట ఆయన పక్కనుంచి పీకి పారేయడానికే ఇది రాస్తున్నాను. బాక్సింగ్ అంటే మీలో చాలామందికి ఇద్దరు మనుషులు ముక్కులు పగలగొట్టుకోవడం. నాకూ అంతే. ఆయన్ని చూసేదాకా.

హెర్న్‌డన్ పక్కనే షాంటిలీలో టైర్ల షాపు వెనక ఒక గోడౌన్ ఉంది. అదే జిమ్. కాలేజీలో ఉండగా అక్కడ క్యూబా మనిషి ఒకాయన బాక్సింగ్ నేర్పిస్తాడని విని వెళ్ళాను. వెళ్ళింది బాక్సింగ్ కోసం కాదు, క్యూబా కోసం. మా మావయ్య విజయవాడ నుంచి తెచ్చిపెట్టిన ఎర్ర అట్టల చిన్న పుస్తకాలు అప్పటికే నమిలి మింగేసి ఉన్నాను. క్యూబాలో అందరికీ చదువు, అందరికీ వైద్యం, పేద పిల్లలకి ఆటల బళ్ళు. అన్నీ కంఠతా వచ్చు. లోపలికి అడుగు పెట్టగానే అడిగేశాను.

"అలాంటి దేశం వదిలేసి ఇక్కడికెందుకొచ్చారు?"

ఆయన నా మొహం చూడలేదు. చేతులు చూశారు. "గ్లోవ్స్ తెచ్చుకున్నావా?"

"లేదు. ముందు జవాబు కావాలి."

"జవాబు చాలా పెద్దది పిల్లా. గ్లోవ్స్ లేకుండా తట్టుకోలేవు."

ఆయన మాట్లాడేది స్పానిష్ కలిసిన ఇంగ్లీషు. నా చెవిలో ఇప్పుడది తెలుగులోనే వినబడుతోంది, అందుకే ఇలా రాస్తున్నాను.

ఆ జవాబు ఏళ్ళ తరబడి ముక్కలు ముక్కలుగా దొరికింది. రౌండ్ల మధ్య విశ్రాంతిలో కొంచెం. మందు సీసా మూతంత చిన్న కప్పులో పాకంలాంటి కాఫీ తాగుతూ కొంచెం. చేతికి చుట్టుకునే బట్ట పట్టీలు ఆయనే ఉతికి తాడు మీద ఆరేసేవారు. వాటిని తీసి చుట్టలు చుడుతూ ఇంకొంచెం.

తూర్పు క్యూబాలో చెరుకు తోటల మధ్య ఊరు. చిన్నప్పుడే ఆటల బడికి ఏరుకుని తీసుకెళ్ళారు. తిండి, బూట్లు, గురువు, అన్నీ సర్కారువే. ఆ మాట ఆయన ఎన్నడూ దాచలేదు. "నాకు ఈ విద్య ఇచ్చింది వాళ్ళే" అనేవారు, ఎదురుగా ఎవరున్నా సరే. దేశ చాంపియన్ అయ్యారు. ప్రపంచ పోటీల్లో బంగారు పతకం తెచ్చారు. బడి గోడ మీద ఆయన ఫోటో పెట్టారు. అప్పట్లో ఆ దేశంలో డబ్బు తీసుకుని ఆడటం నిషేధం, పతకం తెచ్చినవాడికైనా సరే. ఇంటి కప్పు కారుతోంది, బాగు చేయించండని అడిగారు. చేయించలేదు సరిగదా, అడిగినందుకు టీమ్ నుంచి పక్కన పెట్టారు. మళ్ళీ తీసుకుని బయటి దేశం పోటీకి పంపినప్పుడు, హోటల్ వెనక తలుపులోంచి నడుచుకుంటూ బయటికొచ్చేశారు. బడి గోడ మీద ఫోటో పీకేశారు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఊళ్ళోకి రానివ్వలేదు.

ఈ పేజీ నా పుస్తకాల్లో లేదు. అయినా ఊరుకున్నానా? "తప్పులు జరిగుండొచ్చు, కానీ మొత్తంగా చూస్తే..." అని మొదలుపెట్టాను. ఆయన పట్టీ చుట్టడం ఆపకుండానే అన్నారు:

"నీ పుస్తకంలో అందరూ బాగా మాట్లాడతారు. గుద్దులు తినేదెవరో రాశారా?"

ఆరోజు ఇంటికెళ్ళి ఆ పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను. రాయలేదు.

అలాగని ఆయన పారిపోయి వచ్చిన ఈ దేశాన్ని వదిలిపెడతానా? ఇక్కడ జరిగింది వినండి.

ఫ్లోరిడాలో ఒక ప్రొమోటర్ ఆయన్ని పట్టుకున్నాడు. పోటీలు ఏర్పాటు చేసి టికెట్లు అమ్ముకునే పెద్దమనిషి. స్వేచ్ఛ కోసం పారిపోయి వచ్చిన వీరుడని పోస్టర్లు వేశాడు. ప్రొఫెషనల్‌గా మొదటి పోటీ. మా కోచ్‌కి జీవితమంతా మూడు రౌండ్ల ఆట అలవాటు. డబ్బు తీసుకోని అమెచ్యూర్ ఆట అంతే. ఆ ఆటలో ఒక మర్యాద ఉంది: చివరి గంట కొట్టగానే రింగ్‌లో ఎదుటివాడి మూలకి వెళ్ళి, అక్కడుండే వాడి గురువుకి చెయ్యి కలపాలి. మూడో రౌండ్ గంట మోగింది. మా కోచ్ అలవాటు కొద్దీ చక్కగా నడుచుకుంటూ ఎదుటి మూలకి వెళ్ళి, ఆ గురువు ముందు గ్లోవ్ చాచారు. ఇంకా ఒక రౌండ్ మిగిలే ఉంది! ఆ గురువు, "వెళ్ళవయ్యా, అవ్వలేదింకా" అన్నాడట. హాలంతా గొల్లుమంది. కామెంటరీ చేసేవాళ్ళు ఆ ముక్కనే తిప్పి తిప్పి చూపించి పడీ పడీ నవ్వారు. ఆ వీడియో ఇప్పటికీ నెట్‌లో ఉంది. పోటీ గెలిచింది ఆయన. జనానికి గుర్తుంది మాత్రం చాచిన చెయ్యి.

"ఇంకెప్పుడూ అలా చెయ్యకు, మెతకగా కనిపిస్తావు" అన్నాడు ప్రొమోటర్. మా కోచ్ ఆ తర్వాత ప్రతి పోటీలోనూ చేశారు. సరిగ్గా చివరి గంట తర్వాత, గెలిచినా ఓడినా. నవ్వినవాళ్ళ ముందే.

గెలుస్తూనే ఉన్నారు. ఒంటి మీద దెబ్బ పడనిచ్చేవారు కాదు. అరంగుళం తల తిప్పితే అవతలివాడి గుద్దు గాల్లోకి పోయేది. దానికి హాల్లో ఏం వచ్చేదో తెలుసా? ఈలలు, తిట్లు, కాగితం కప్పులు. టికెట్ కొన్నవాడికి రక్తం కావాలి. అవతలివాడిది రాకపోతే నీదైనా ఇవ్వాలి. నిలబడి కొట్టించుకోమన్నాడు ప్రొమోటర్. ఈయన ఒప్పుకోలేదు. అంతే, పెద్ద పోటీలు ఆగిపోయాయి. వేరెవరో దెబ్బ తగిలి తప్పుకుంటే, ఆ ఖాళీలోకి ఉన్నపళంగా తోసేవారు. కంట్రాక్టు ఉంది కాబట్టి ఇంకెక్కడా ఆడటానికి లేదు. ఒకచోట ఫోటో పీకేశారు, ఇంకోచోట మనిషినే పీకేశారు. రెండు చోట్లా ఆయన మీద హక్కు తమదేనన్నారు.

"ఆ అరుపులు వింటుంటే కోపం రాలేదా?" అని అడిగాను ఒకసారి.

"అరుపులు వాళ్ళవి. తల నాది."

జిమ్‌లో ఆ గోడ నుంచి ఈ గోడకి గుండెల ఎత్తులో ఒక తాడు కట్టేవారు. పట్టీలు ఆరేసే తాడే. దాని కింద నుంచి అటూ ఇటూ వంగుతూ లేస్తూ నడవాలి. మొదటి నెలల్లో మాకు నేర్పింది అదొక్కటే. గుద్దడం నేర్పండి మొర్రో అంటే వినేవారు కాదు. నేర్పేటప్పుడు కూడా ఒకటే సాధింపు: "చెయ్యి వెళ్ళడం సగం పని. తిరిగి గడ్డం దగ్గరికి రావడం మిగతా సగం. పంపిన చెయ్యిని ఇంటికి తెచ్చుకో."

మా అమ్మకి ఈ సంగతి తెలిసినప్పుడు ఇంట్లో పెద్ద రభస. "చర్చిలో క్వయర్ పాడే పిల్లవి, గుద్దులాటలేమిటే నీకు? పద, డ్రైవ్ చేసుకుని నేనే వస్తా, ఆ కోచ్ సంగతేంటో తేలుస్తా" అని బయల్దేరింది. వచ్చి కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. మేమంతా తాడు కింద వంగుతున్నాం. కాసేపు చూసి నన్ను పిలిచింది.

"ఏమే, కొట్టడం నేర్పట్లేదే? తప్పించుకోవడం నేర్పుతున్నాడే?"

"అవునమ్మా."

"అదేదో ముందే చెప్పొచ్చుగా! ఆడపిల్లకి అంతకంటే ఏం కావాలి?"

మరుసటి వారం డబ్బా నిండా సున్నుండలు పంపింది. ఆయన ఒకటి కొరికి, దవడ పట్టుకుని, "నా మీద ఇంత గట్టి దెబ్బ ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదని మీ అమ్మకి చెప్పు" అన్నారు. డబ్బా మాత్రం ఖాళీ చేసే ఇచ్చారు. బాపట్ల నుంచి వచ్చిన మా అమ్మకి ఒక్క చూపులో అర్థమైంది, పెద్ద పెద్ద హాళ్ళు నింపే ఆ ప్రొమోటర్‌కి అర్థం కాలేదు.

శనివారం మధ్యాహ్నం జిమ్‌లోనే సంస్మరణ సభ పెట్టారు. రింగ్ చుట్టూ మడత కుర్చీలు. తాడు అలాగే ఉంది, ఆయన ఆఖరుసారి ఆరేసిన పట్టీలతో. ఎవరూ తీయలేదు. ముందు వరసలో కోచ్ భార్య. మన అలవాటు కొద్దీ నేను ఆవిణ్ణి ఆంటీ అని పిలుస్తాను. ఆవిడా క్యూబా మనిషే. ఆవిడ పక్క కుర్చీ నాది. నేను మాట్లాడాలని ముందే అనుకున్నాం. జేబులో చెయ్యి పెట్టుకుని, ఆ వెబ్‌సైట్ మాటకి ఎలా జవాబివ్వాలా అని లోపల్లోపల ఉడుకుతున్నాను.

అప్పుడొచ్చాడు ఆ ప్రొమోటర్. విమానం ఎక్కి మరీ వచ్చాడు. మైకు అతనికే ముందిచ్చారు.

"గొప్ప ప్రతిభ" అన్నాడు. "అలాంటి కాళ్ళు నేను మళ్ళీ చూడలేదు. ఒక్క మాట విని ఉంటే ఎక్కడుండేవాడో! కాస్త నిలబడి కొట్టుకోవయ్యా అని బతిమాలాను. దెబ్బ తగలని మనిషిని చూడటానికి ఎవరూ టికెట్ కొనరు." కొందరు నవ్వారు. అతను వెనక వరస వైపు చెయ్యి చూపించాడు. "అడుగో, అతన్ని చూడండి! మన చాంపియన్‌తో పోటీ చేసి గెలిచాడు. అతను ఫైటరంటే! జనం ఊగిపోయేవారు."

అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. అక్కడ ఒక పెద్ద మనిషి, మా కోచ్ వయసువాడే, కూతురి పక్కన కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో కాఫీ కప్పు వణుకుతోంది. కూతురు కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. చప్పట్లు వినగానే అతనూ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరి కోసమా అని.

ఏళ్ళ తరబడి తల మీద తిన్న గుద్దుల ఫలితం అది. మా కోచ్ పోయేనాటికి ప్రతి పిల్ల పేరు, ఎవరికి ఏ మోకాలు నొప్పో, ఎవరి పరీక్ష ఎప్పుడో, అన్నీ నోటికి చెప్పేవారు. ఒక్క మాట తడబడేది కాదు. దాన్నా విసుగంటున్నారు? ఈ మనిషి తన చప్పట్లు తనవని ఎరగడు. దీన్నా వినోదమంటున్నారు? లేచి నిలబడ్డాను. నోట్లో మాట తయారుగా ఉంది. ఆంటీ నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చో. గంట మోగలేదు."

"ఆంటీ, వాడేమన్నాడో విన్నారా?"

"నాకు చెవులున్నాయి. కూర్చో."

నా వంతు వచ్చినప్పుడు ఆ జవాబు పక్కన పెట్టేశాను. తాడు గురించి, పంపిన చెయ్యిని ఇంటికి తెచ్చుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. చివర్లో జిమ్ గంట కొట్టారు. అందరూ లేచారు. ఆంటీ లేచి, ముదురు రంగు గౌను సర్దుకుని, రింగ్ చుట్టూ తిరిగి, ఎదుటి మూలన నిలబడ్డ ప్రొమోటర్ దగ్గరికి నడిచింది. చెయ్యి చాచింది. అతను తత్తరపడి రెండు చేతులతో పట్టుకున్నాడు. అక్కణ్ణుంచి వెనక వరసకి వెళ్ళి, ఆ వణికే చేతిని కప్పుతో సహా తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పార్కింగ్‌లో పట్టుకుని అడిగేశాను. "ఆ చేతికి చెయ్యెలా ఇచ్చారు ఆంటీ? ఆ మనిషి మీ ఆయన బతుకు తినేశాడు!"

"ఆట అయిపోయాక ఎదుటి మూలకి వెళ్ళాలి. ఆయన వెళ్ళేవాడు, ఇవాళ నేను వెళ్ళాను." కారు తాళం తీసింది. "ఎక్కు."

ఎక్కాను. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. కోచ్ పొడుగు కాళ్ళ కోసం.

"ఆయన చెయ్యి కలిపి వచ్చి కార్లో కూర్చుంటే ఏం చేసేవాడో నీకెప్పుడూ చెప్పలేదా?" అంది ఆంటీ.

"లేదు."

"తిట్టేవాడు. వాళ్ళమ్మ దగ్గర్నుంచి వాళ్ళ కుక్క దాకా. దారి పొడుగునా! తిడుతూ డ్రైవ్ చేయలేడని నేను నడిపేదాన్ని. లోపల మర్యాద, బయట తిట్లు. రెండూ పూర్తిగా చెయ్యాలి అనేవాడు." బండి రోడ్డెక్కించింది. "నాకివాళ గొంతు లేదు. నువ్వు తిట్టు."

"నాకు స్పానిష్ రాదుగా."

"నీ భాషలో తిట్టు. గట్టిగా."

మొదలుపెట్టాను. ముందు నా పుస్తకాల్లో మాటలు వచ్చాయి, దోపిడీ అనీ, నెత్తురు తాగేవాళ్ళనీ. అవి సరిపోలేదు. అప్పుడు బాపట్లలో మా నాయనమ్మ దొడ్లో కోళ్ళని తరుముతూ తిట్టే తిట్లు వచ్చాయి. వాడి జిమ్మడిపోను, వాడి నోట్లో మన్నుపడ, వాడి పోస్టర్లు తగలెయ్య. ఆ గోడ మీద ఫోటో పీకిన చేతుల్నీ వదల్లేదు. ఆంటీ ఒక్క ముక్క అర్థం కాకపోయినా ప్రతి తిట్టుకీ అవునవునని తలాడిస్తోంది. ఎర్ర లైటు దగ్గర ఆగాం. పచ్చ లైటు పడింది. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. ఆవిడ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, నా సీటు వైపే చూస్తూ, ఇంకా, ఇంకా అంటోంది.