శనివారం చావవలసిన అంకుల్

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా, మార్చి రెండో గురువారం, ఒంటిగంట దాటాక స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మన్నారు.

కౌన్సెలర్ గదిలో మా అమ్మాయి గోడవైపు చూస్తూ కూర్చుని ఉంది. లంచ్‌లో తను స్నేహితురాలితో అన్న మాటను ఎవరో విని ఫిర్యాదు చేశారట. ఆ మాటను కౌన్సెలర్ నాకు చదివి వినిపించింది: శనివారం బేస్‌మెంట్‌లో అంకుల్‌ని చంపేస్తాం, విషం నా దగ్గరే ఉంది. బెదిరింపుగా నిర్ధారణ అయితే సస్పెన్షన్ తప్పదని, విషయం పోలీసులకు వెళుతుందని కూడా చెప్పింది. స్కూల్ పోలీసు అధికారి అప్పటికే తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

నాకు తెలిసిన సంగతే. దగ్గర్లోని ఆష్‌బర్న్‌ ఊళ్లో డేటా సెంటర్ ఇంజినీరైన నా స్నేహితుడు పిల్లల కోసం ఒక ఆట కల్పించి, ప్రతి శనివారం తన ఇంటి బేస్‌మెంట్‌లో ఆడిస్తున్నాడు. వందల ఏళ్ల కిందటి వెనిస్ నగరం, అందులో హంతకుల రహస్య సంఘం. పిల్లలు సంఘ సభ్యులు. పాచికలు వేస్తూ కథ నడుపుతారు. నగరాన్ని ఏలే ప్రభువు పాత్ర అతనిది. ఆ శనివారం విందులో ప్రభువుకు విషం పెట్టాలి. ఇదంతా వివరించాను. ఆ అంకుల్ స్వయంగా వచ్చి చెబితే చాలన్నారు. పిలిచాను, మెడలో ఆఫీస్ బ్యాడ్జితోనే వచ్చాడు.

ఈ అమ్మాయికి మీరు అంకులా అని కౌన్సెలర్ అడిగింది.

"యెస్, అఫ్‌కోర్స్," అన్నాడు తడుముకోకుండా.

తల్లి తరఫా, తండ్రి తరఫా అన్నాడు అధికారి.

రెండూ కాదని, కుటుంబ స్నేహితుణ్ణని అతను చెప్పగానే అధికారి పెన్ను తీశాడు. అక్కడి నుంచి ప్రశ్నలన్నీ అతని మీదికి మళ్లాయి. బంధువు కాకుండానే బంధువునని ఎందుకు చెప్పారు? పరాయి పిల్లలు ప్రతి శనివారం మీ బేస్‌మెంట్‌లో ఎందుకుంటారు? మా తెలుగువాళ్లలో పిల్లలు పెద్దవాళ్లందరినీ అలాగే పిలుస్తారని నేను అన్నాను. చెప్పిన కొద్దీ నా మాటలు నాకే కప్పిపుచ్చుతున్నట్టు వినిపించాయి.

కౌన్సెలర్ మా అమ్మాయి వైపు తిరిగి, ఈయన పేరేమిటని అడిగింది.

మా అమ్మాయి నా ముఖం చూసింది. "నాన్నా, అంకుల్ నేమ్ ఏంటి?"

మిగతా అంకుల్స్ పేర్లయినా తెలుసా అని కౌన్సెలర్ మళ్లీ అడిగింది. మా అమ్మాయి వేళ్లు మడుస్తూ ఇంగ్లిష్‌లో చెప్పుకుపోయింది: నోవై అంకుల్, హెర్న్‌డన్ అంకుల్, తెల్లకారు అంకుల్, మామిడిపళ్ల అంకుల్. ఈయన వెనిస్ అంకుల్. అన్నీ ఊళ్లూ, కార్లూ, పళ్లే, అసలు పేరు ఒక్కటీ లేదు. అధికారి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

సస్పెన్షన్ లేదన్నారు. స్కూల్లో చంపే మాటలు వద్దని, ఆట జరిగేటప్పుడు ఎవరో ఒక తల్లో తండ్రో దగ్గరుండాలని చెప్పి పంపించారు.

శనివారం నేను వెళ్లి కూర్చున్నాను. విందు మొదలుకాక ముందే ప్రభువు జ్వరంతో పోయాడని నా స్నేహితుడు ప్రకటించి, పాచికలు పెట్టెలో సర్దేశాడు. వచ్చే వారం ఆట లేదన్నాడు. ఎందుకని పిల్లల్లో ఒక్కరూ అడగలేదు. స్కూల్లో జరిగిందంతా మా అమ్మాయి వాళ్లకు ముందే చెప్పి ఉంటుంది.