రెండో ఫొటో

పత్రికాఫీసులో అందరూ ఫ్లాష్ బాబాయ్ అని పిలిచే ఫొటోగ్రాఫర్‌కి జనం గుంపుగా కనబడితే చాలు, ఒళ్లు మండేది. ఇన్నేళ్లుగా ఆయనకు తిండి పెడుతున్నది ఆ గుంపులే. అయినా ఆ మంట చల్లారలేదు.

ఆ రాత్రి కొత్త బట్టల దుకాణం తెరవడానికి సినిమా హీరో వచ్చాడు. కారు తలుపు తెరుచుకోగానే జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. కింద పడిపోయిన ఒక ముసలావిడను దాటుకుంటూ పరుగెత్తారు. "థూ, వీళ్లూ మనుషులేనా!" అని గోడ మీద నిలబడి తిట్టుకుంటూనే బాబాయ్ ఫ్లాష్ కొట్టాడు.

ఆ వెలుగు చూసి ఎర్రచొక్కా వాడొకడు ఆగాడు. ముసలావిడ చెయ్యి పట్టుకుని సగం లేపి, కెమెరా వైపు తిరిగి, "అన్నా, తియ్యి!" అన్నాడు. ఫ్లాష్ మెరిసిందో లేదో, ఆ చెయ్యి వదిలేసి హీరో వైపు పరుగందుకున్నాడు. ఆమె మళ్లీ దబ్బున పడింది. బాబాయ్ అదీ తీశాడు. తర్వాత గోడ దూకి ఆమెను తనే లేపి మెట్ల మీద కూర్చోబెట్టాడు.

ఎర్రచొక్కా వాడివి రెండు ఫొటోలూ ఇస్తే, ఎడిటర్ ముసలావిడను లేపుతున్న మొదటిదే వేశాడు. "ఏ తల్లి కన్న బిడ్డో, ఎంత మంచి మనసు!" అని పొద్దున్నే బాబాయ్ భార్య మురిసిపోయింది. ఆయన కాఫీ సగంలో వదిలేసి ఆఫీసుకు బయల్దేరాడు.

మధ్యాహ్నం వాడు అదే ఎర్రచొక్కాతో ఆఫీసుకొచ్చాడు.

"అన్నా, ఒక కాపీ ఇవ్వవా? ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటా."

బాబాయ్ రెండో ఫొటో పెద్దదిగా ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. కింద పడున్న ముసలావిడ, పారిపోతున్న ఎర్రచొక్కా. ఇప్పుడైనా తల దించుకుంటాడేమోనని చూశాడు.

వాడు ఫొటోను అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"ఇందులో నా ముఖం సరిగ్గా పడలేదన్నా. వేరేది లేదా?"