మైనస్ ఒకటో ఘాతం దగ్గర బేరం

పదో తరగతి దాటేదాకా మా అమ్మాయి లెక్కలన్నీ మా కొట్లో గల్లాపెట్టె పక్కనే కూర్చుని చేసింది. సత్తెనపల్లిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. మా పుట్టింటివాళ్లూ కొట్టువాళ్లే కాబట్టి భిన్నాలూ శాతాలూ నాకు బడికి పోకముందే వచ్చు. ఒక పక్క బిందెకు బేరమాడుతూ, ఇంకో పక్క దాని తప్పులు దిద్దేదాన్ని. నా అంత తెలివైన తల్లి ఊళ్లో లేదని అది అనుకుంటోందని నేను అనుకునేదాన్ని.

ఇంటర్లో చేరాక కూడా సాయంత్రాలు కొట్టుకే వచ్చేది. రెండో ఏడు ద్విపద సిద్ధాంతం వచ్చింది. (1 + x) కి మూడో ఘాతమైతే నాలుగు పదాలు రాసి ఆగిపోవచ్చు. ఆగేది ఏదైనా నాకు అర్థమవుతుంది. ఆ తర్వాత ఘాతం అర అన్నారు, మైనస్ ఒకటి అన్నారు. అప్పుడిక పదాలు ఆగవట, రాసినకొద్దీ వస్తూనే ఉంటాయట.

"ఆగనిది లెక్కెట్టా అవుద్దే?" అన్నాను.

"నీకు తెలీదులే అమ్మా. పైన మేడమ్‌ని అడుగుతా."

మా ఇంటి పై వాటాలోకి కొత్తగా అద్దెకు దిగిన మేడమ్ ఏదో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది. వయసు ముప్పై కూడా ఉండదు. ఆరోజు నుంచీ సాయంత్రమైతే మా అమ్మాయి కొట్టుకు రావడం మానేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్నప్పుడు పైనుంచి నవ్వులు వినపడేవి. లెక్కల్లో అంత నవ్వేముంటుంది? నా దగ్గర చేసినన్నాళ్లూ ఒక్కసారీ నవ్వలేదు కదా.

ఉండబట్టలేక ఒకరోజు గోంగూర పచ్చడి సాకుతో పైకి వెళ్లాను. ఇద్దరూ ఒకే కాగితం మీదకు వంగి ఉన్నారు. "అయ్యో, మీకెందుకక్కా శ్రమ" అంది మేడమ్. మా అమ్మాయి తలెత్తలేదు. గిన్నె నిండుగా పెట్టినందుకు మెట్లు దిగుతూ నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు దాని పుస్తకం కొట్టుకు తెచ్చుకున్నాను. మిరపకాయలు ఇంకా కోతకు రాలేదు, రైతుల చేతుల్లో డబ్బు ఆడటం లేదు, మధ్యాహ్నాలు ఖాళీ. ఘాతం మైనస్ ఒకటి, x విలువ అర. ఒకటి రాయి, అర తియ్యి, పావు కలుపు, అరపావు తియ్యి. మొత్తం ఒకటి దగ్గర మొదలై అరకు దిగింది, ముప్పావుకు ఎక్కింది, మళ్లీ కాస్త దిగింది. చూస్తూ చూస్తూ కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఇది బేరమే కదా. నేనొక రేటంటాను, కొనేవిడ సగానికి దించుతుంది, నేను కాస్త పెంచుతాను, ఆవిడ ఇంకాస్త దించుతుంది. ప్రతిసారీ పట్టు సగమవుతుంది. చివరికి మూడింట రెండు వంతుల దగ్గరకు చేరతాం. ఒకటిని ఒకటిన్నరతో భాగిస్తే వచ్చే అసలు జవాబూ అంతే.

ఆ సాయంత్రం అమ్మాయి మెట్లెక్కబోతుంటే పట్టుకుని చెప్పాను. మెట్టు మీదే కూర్చుని విన్నది.

"భలే ఉందమ్మా. మేడమ్ ఇట్టా చెప్పలేదు."

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? పై వాటా మేడమ్‌ను ఇంకాస్త ఓడించాలనిపించింది. "x కి రెండు పెట్టు. అదీ తెగుద్ది" అన్నాను.

పెట్టింది. కలుపుతూ తీస్తూ పోతే మొత్తం ఒకటి, మైనస్ ఒకటి, మూడు, మైనస్ అయిదు, పదకొండు. రావాల్సింది మూడో వంతు.

"ఇంకొంచెం లాగు. తెగని బేరం ఎక్కడుంటదే, ఓపిక పట్టాలి గానీ."

"ఓపికతో కాదమ్మా. ఇక్కడ ఇద్దరూ తగ్గట్లేదు, పెంచుకుంటా పోతన్నారు. గుర్తు తీసేస్తే x ఒకటి కంటే చిన్నదై ఉండాలి. మేడమ్ మొదటిరోజే చెప్పింది."

మొదటిరోజే చెప్పిందట. పుస్తకం మూసుకుని పైకి వెళ్లిపోయింది.

రెండు రోజులాగి మేడమ్ తనే కొట్టుకు వచ్చింది, పక్కన మా అమ్మాయి.

"అక్కా, మీ బేరం లెక్క మా క్లాసులో చెప్పుకోవచ్చా? పిల్లలకు చప్పున ఎక్కుతుంది."

నాకంటూ ఉన్నది ఆ ఒక్క లెక్క, అది కూడా పైకి చేరిందన్నమాట. ముఖానికి కొట్టు నవ్వు తగిలించాను.

"చెప్పుకోండి మేడమ్ గారూ. బదులుగా దీని పాఠం రోజూ ఇక్కడే, నా కొట్లో."

"ఇక్కడ గిన్నెల మోతండీ. వారానికి మూడు రోజులు?"

"అయిదు."

"నాలుగు."

తెగింది. ఇప్పుడు వారానికి నాలుగు సాయంత్రాలు ఆ ఇద్దరూ నా ఎదుటే బల్ల మీద కూర్చుంటారు. నిన్న మళ్లీ నవ్వుకున్నారు.

"ఏందే అంత నవ్వు? నాకూ చెప్పు" అన్నాను.

"ఏం లేదులే అమ్మా. ఆ ఆంటీ బిందె రేటు అడుగుతోంది, చూడు."