రుమైథియాలో చిరునామా అడగడం

కువైట్‌లో నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటిలోకీ పెద్దది, ఒక మనిషి ఇల్లెక్కడో అడగడం. అదీ పేరు పెట్టి, గట్టిగా, రొట్టెల కొట్టు ముందు, నలుగురూ వింటుండగా. అమలాపురంలో ఇది తప్పు కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకెళ్ళి గుమ్మంలో దింపి, తామూ కాసిని మంచినీళ్ళు తాగి వస్తారు. నేను అడిగింది మాత్రం ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగబడిన ఆగస్టు నెలలో.

యుద్ధం అయిపోయి ఇప్పుడు కువైట్‌కి మళ్ళీ విమానాలు తిరుగుతున్నాయి. మా వైపు కుర్రాళ్ళు వీసా కాగితం పట్టుకొచ్చి, "ముస్లింల దేశం కదండీ, అక్కడెలా మసులుకోవాలి?" అని నన్నడుగుతున్నారు. అక్కడ నేను ఉన్న కాలం పొట్టిది, పడిన భయం పొడుగుది. దినార్ల కోసం వెళ్ళి దినాలు పెట్టించుకునే దాకా వచ్చినవాణ్ణి. అయినా అడిగారు గనక, వరసగా చెబుతాను.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంజినీరు చెప్పిన ఇంటిని కాగితం మీద గీసేవాణ్ణి. గీత బాగుంటుందని పేరు, రాతే బాగాలేదు. జూన్‌లో బొంబాయి నుంచి విమానం ఎక్కాను. కువైట్‌లో దిగి తలుపు దాటగానే మొహాన కొట్టిన గాలి విమానం ఇంజనుదనుకున్నాను. నాలుగడుగులు వేశాక తెలిసింది, అది ఊరి గాలేనని. హవల్లీ అనే పేటలో గది. నాతో పాటు రాయచోటి ఖాదర్ భాయ్. మా కంపెనీలోనే టైల్స్ మేస్త్రీ, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను టీ షర్టు వేసుకున్నా, లుంగీ కట్టుకున్నా "ఇంజినీరు సామీ" అనే పిలిచేవాడు. అందులో గౌరవం పాలెంతో, వెటకారం పాలెంతో నేను కనిపెట్టలేకపోయాను.

వీసా ఇచ్చి మనకు పూచీపడే యజమానిని అక్కడ కఫీల్ అంటారు. పూచీకి గుర్తుగా మన పాస్‌పోర్టు ఆయన దగ్గరుంటుంది. మా కఫీల్‌ని అందరూ అబూ ఫహద్, అంటే ఫహద్ తండ్రి, అనేవారు. మొదటి శుక్రవారం మధ్యాహ్నం నన్ను రుమైథియాలోని వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. కంపెనీ బండి నన్ను గేటు ముందు దింపి వెళ్ళిపోయింది. గంట నొక్కి, ఎవరైనా వస్తున్నారేమోనని గేటు సందులో కన్ను పెట్టాను. అబూ ఫహద్ బయటికొచ్చి, రెండు భుజాలూ పట్టుకుని నన్ను వీధి వైపు తిప్పాడు. తర్వాత నవ్వుతూ చెప్పాడు. తలుపు తట్టినవాడు పక్కకు జరిగి, ఇంటికి వీపు పెట్టి నిలబడాలట. లోపలి ఆడవాళ్ళకు తప్పుకునే వ్యవధి ఇవ్వాలట. మూడుసార్లు తట్టినా పలకకపోతే మనసులో ఏమీ పెట్టుకోకుండా తిరిగిపోవాలట. కాబట్టి వెళ్ళేవారికి నా మొదటి సలహా ఇది: కన్ను మీదే, గేటు వాళ్ళది.

చెప్పులు బయట, తినడం కుడిచేత్తో, ఇవి మనకు కొత్త కాదు. ఇంట్లో ఆడవాళ్ళ క్షేమం పేరుపేరునా అడగకూడదు. "ఇంట్లో అందరూ బాగున్నారా?" అంటే చాలు. ఇక కాఫీ. చెవి లేని చిన్న కప్పులో, యాలకుల వాసనతో ఇస్తారు. ఖాళీ చేసి ఊరుకుంటే మళ్ళీ పోస్తారు. చాలు అనడానికి కప్పును కొంచెం ఊపాలి. ఈ సంగతి తెలియక మర్యాద కొద్దీ నేను తాగుతూనే ఉన్నాను, ఆయన మర్యాద కొద్దీ పోస్తూనే ఉన్నాడు. చివరికి ఆయన కొడుకు ఫహద్ జాలిపడి నా కప్పు ఊపాడు. ఫహద్ పోలీసు శాఖలో కొత్తగా చేరాడు. నాకంటే చిన్నవాడు, నవ్వుమొహం.

జూలై నెలాఖరులో అబూ ఫహద్ ఎండలు తప్పించుకోవడానికి కైరో వెళ్ళాడు. ఆగస్టులో ఒక గురువారం తెల్లవారుజామున ఎక్కడో పెద్ద చప్పుడైంది. సైటులో బండ పగలగొడుతున్నారనుకుని అటు తిరిగి పడుకున్నాను. కిటికీ దగ్గర నిలబడ్డ ఖాదర్ భాయ్ అన్నాడు: "లెయ్ సామీ. రోడ్డు మింద ట్యాంకులు పోతాండాయి."

ఆ తర్వాత ఆఫీసు లేదు, జీతం లేదు. దుకాణాలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. కొంతకాలానికి బస్రా మీదుగా బాగ్దాద్ వెళ్ళే బస్సులు దొరుకుతున్నాయని, అక్కడి నుంచి జోర్డాన్ చేరితే మనవాళ్ళు విమానం ఎక్కిస్తున్నారని తెలిసింది. పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్ళు కదిలిపోయారు. లేనివాళ్ళకు ఏ కాగితం ఇస్తారో, దాన్ని ఏ సరిహద్దులో ఒప్పుకుంటారో ఎవరికీ తెలియదు. మా ఇద్దరివీ రుమైథియాలో ఉన్నాయి.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. సిటీ బస్సులు లేవు, నడకే. నీళ్ళ సీసా, తలమీద తడిగుడ్డ. రెండుచోట్ల సైనికులు ఆపి, "హిందీ?" అన్నారు. భారతీయుడివా అని దానర్థం. నాకు హిందీ రాదు. అయినా ఆ రోజుల్లో ఎక్కడాపితే అక్కడ హిందీ అని ఒప్పుకున్నాను. చెత్త ఎత్తేవాళ్ళు లేక వీధి మొగల్లో అది కొండలా పేరుకుంది. ఒక ఇంటి ముందు కారు, చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

చిరునామా నాకు కంఠతా వచ్చు. బ్లాకు, వీధి, ఇంటి నంబరు. కానీ రుమైథియాలో అడుగుపెడితే వీధి పేర్ల పలకలు లేవు. ఇళ్ళ నంబర్లు లేవు. ప్రతి గేటు పక్కనా పలక ఊడబెరికిన చోట గోడ తెల్లగా ఉంది. ఊళ్ళోవాళ్ళే రాత్రికి రాత్రి అన్నీ పీకేశారు. సైనికులు పేర్ల జాబితాలతో పోలీసుల కోసం, అధికారుల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు గదా. అయితే ఇంత ఆలోచన నాకు తర్వాత వచ్చింది. ఆ పూట నాకు తోచింది ఒకటే, నంబరు లేకపోతే మనిషినడుగుదామని.

రొట్టెల కొట్టు ముందు వరస ఉంది. వెళ్ళి నాకొచ్చిన అరబ్బీలో, అబూ ఫహద్ పూర్తి పేరు తండ్రి పేరుతో సహా చెప్పి, ఇల్లెక్కడని అడిగాను. వరసలో ఒక్కరూ తల తిప్పలేదు. ఒకామె పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది. వినబడలేదేమోనని ఇంకోసారి గట్టిగా అడిగాను. రొట్టెలు తీస్తున్న మనిషి చేతిలో కర్ర ఆపి, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇక్కడ ఎవరికీ పేరు లేదు" అన్నాడు.

ఖాదర్ భాయ్ నా రెక్క పట్టుకుని పక్క సందులోకి లాగాడు.

"ఏంది సామీ, దండోరా ఏస్తాండావే? వాళ్ళ పిల్లోడు పోలీసు అని తెల్దా నీకు?"

"మనం మన పాస్‌పోర్టు కోసమే కదండీ భాయ్ అడిగింది?"

"మిలిట్రీవాడు గూడా రేపొచ్చి ఇట్లనే అడుగుతాడు. నీకూ వానికీ తేడా యెట్ల తెలస్తాది వాళ్ళకు? గమ్మున నడువు."

వెనక్కి పోదామన్నాను. "పాస్‌పోర్టు లేకుండా యాడికి పోతావు? చూసిన ఇల్లే గదా, గుర్తు చేసుకో" అన్నాడు. గీసేవాడికి పేర్లు గుర్తుండకపోయినా పిట్టగోడలు గుర్తుంటాయి. ఆ ఇంటి పిట్టగోడకు నెలవంక ఆకారంలో సందులున్నాయి. వీధులన్నీ తలెత్తి చూసుకుంటూ తిరిగాం. ఎండ నెత్తికెక్కేసరికి కనబడింది.

గేటు మూడుసార్లు తట్టాను. పక్కకు జరిగి, వీధి వైపు తిరిగి నిలబడ్డాను. ఖాదర్ భాయ్‌నీ తిప్పి నిలబెట్టాను. ఎంతసేపు నిలబడ్డామో గాని, ఆ ఖాళీ వీధిని అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు. వెనక గొళ్ళెం కదిలింది. తెలుగులో ఎవరో గుసగుసగా అన్నారు: "బిర్రున లోపలికి రాండి."

ఆ ఇంట్లో పనిచేసే సుబ్బమ్మ. కడప వైపు మనిషి. లోపలికి రాగానే గొళ్ళెం వేసి నా మీద పడింది.

"రొట్టెల కాడ మైకు పెట్టుకోని అడిగినోడివి నువ్వేనా?"

"నేనేనమ్మా" అన్నాను.

"ఆ మాట మీకంటే ముందొచ్చింది. పక్కింటామె గోడ మీంచి చెప్పింది, ఎవురో మీ పేరు పెట్టి అడగతాండారని. చిన్నాయన, అదే ఫహద్, తాగే టీ ఆడనే పెట్టి ఎనక గోడ దూకి పాయ. తలుపు తీయొద్దనే అనుకున్యాం. మామా పైనుంచి సందులో చూసె. మిలిట్రీవాడైతే తలుపుకు ఎదురుగా నిలబడి బూటుకాలితో తంతాడు, వీపు పెట్టి నిలబడినోడు మర్యాద తెలిసినోడు, తీయి అనె."

బల్ల మీద టీ గ్లాసు ఉంది. ఇంకా చల్లారలేదు.

మామా అంటే అక్కడి పనివాళ్ళ మాటలో ఇంటి యజమానురాలు, ఫహద్ తల్లి. నల్లటి ముసుగు సర్దుకుంటూ మెట్లు దిగి వచ్చింది. క్షమించమని నేను తెలుగులో అన్నాను, ఇంగ్లీషులో అన్నాను, అరబ్బీలో రాక చేతులు జోడించాను. ఆమె ఏదో అడిగింది. సుబ్బమ్మ నా వైపు తిరిగి, "ఏమన్నా తిన్యారా అని అడగతాంది" అంది. కొడుకు ఎటు పోయాడో తెలియని తల్లి మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ పోయించింది. ఒక్క కప్పుకే ఊపేశాను.

మా పాస్‌పోర్టులు పిండి డబ్బా అడుగునుంచి వచ్చాయి. ఆమె వాటిని చీర చెంగులాంటి తన ముసుగు అంచుతో దులిపి, ఒకటి తెరిచి, మా వీసా ముద్ర మీద వేలు పెట్టింది. అక్కడ కఫీల్‌గా భర్త పేరు పూర్తిగా ఉంది.

"మామా అంటాంది," సుబ్బమ్మ గొంతు తగ్గించింది, "దారిలో ఎవురన్నా ఈ పేరు చూసి ఇల్లు యాడ అని అడిగితే చెప్పొద్దంట. మీ కాళ్ళు పట్టుకుంటానంటాంది."

"మీరూ వచ్చెయ్యండమ్మా, బస్సులున్నాయి" అన్నాను.

"మామా ఒకతే ఐపోతాది. యాడికొచ్చేది? మీరు యల్లా, పోండి."

బస్సు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. సీటు ఇచ్చినందుకు డ్రైవరు నా వాచీ తీసుకున్నాడు. బస్రాలో ఖర్జూరాలు, బాగ్దాద్‌లో కాలిబాట మీద పడక, జోర్డాన్ ఎడారిలో గుడారాలు, నీళ్ళకు వరస, అమ్మాన్ నుంచి బొంబాయి. ఆ దారిలో వచ్చినవాళ్ళు ఊరికి ఒకరు ఉన్నారు, నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పవలసింది కువైట్ దాటకముందు, జహ్రా దగ్గర జరిగింది.

ఉదయం తొమ్మిదింటికి బస్సు ఆపారు. ఒక సైనికాధికారి ఎక్కి పాస్‌పోర్టులు చూస్తూ వచ్చాడు. ఖాదర్ భాయ్‌ది చూశాడు. నాది చూశాడు. రెండిటి మీదా ఒకే కఫీల్ పేరు. జేబులోంచి కాగితం తీసి దానితో పోల్చుకున్నాడు. "దిగండి ఇద్దరూ" అన్నాడు ఇంగ్లీషులో.

ఇసుకలో నిలబెట్టాడు. "ఈ మనిషి కొడుకు పోలీసు. ఇల్లెక్కడ?"

"నేను సైటులో టైల్స్ ఏసేటోణ్ణి సార్, నాకు తెల్దు సార్" అని ఖాదర్ భాయ్ మొత్తుకున్నాడు. అధికారి నా వీసా మీద ఉద్యోగం పేరు చదివి, మొదటిసారి నవ్వాడు. "నువ్వు గీసేవాడివా? గీయి. గీస్తే బస్సు. లేకపోతే బస్సు వెళ్ళిపోతుంది, నువ్వుంటావు." సిగరెట్ల అట్టపెట్టె ఒకటి చించి, పెన్ను ఇచ్చాడు.

బస్సులో అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను అట్టను మోకాలి మీద పెట్టుకున్నాను.

"ఏం సామీ, నిజంగానే గీస్తాండావా?" అన్నాడు ఖాదర్ భాయ్. "ఆ యమ్మ కాఫీ తాగినాం గదా!"

నేను పెన్ను మూత తీశాను. అతను నా వైపు వీపు తిప్పాడు.

నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ గీయలేదు. రోడ్డుకు రెండు గీతలు, మధ్య చుక్కల గీత. మలుపు దగ్గర పెట్రోలు బంకు. కుడివైపు మసీదు, మినార్‌తో సహా. తర్వాత నీళ్ళ ట్యాంకు, దాని పక్కన ఖర్జూరపు చెట్లు, మూడో సందు, ఇనప గేటు. ఇంటికి పిట్టగోడ వేసి, గీతలతో నీడ కూడా దిద్దాను. అధికారి వంగి ఒక్కో గుర్తునూ అడిగాడు. ఒక్కొక్కటీ ఓపిగ్గా చెప్పాను. చివర్న, ఊళ్ళో మేం ఎవరికైనా దారి చెప్పేటప్పుడు అనే మాట ఇంగ్లీషులోకి దింపి, "అక్కడిదాకా వెళ్ళి ఎవర్నడిగినా చెబుతారు సార్" అన్నాను. అతను నాకు థాంక్స్ చెప్పాడు. అట్ట మడిచి జేబులో పెట్టుకుని, పాస్‌పోర్టులు ఇచ్చేశాడు.

బస్సు కదిలి, వాళ్ళ జీపు మట్టి రేపుకుంటూ వెనక్కి తిరిగేదాకా ఖాదర్ భాయ్ నా వైపు తిరగలేదు. తర్వాత కిటికీలోకి చూస్తూనే అడిగాడు: "యాడికి పంపించినావు?"

"కబ్ద్‌కి భాయ్."

జూన్‌లో ఒక కోళ్ళ ఫారం ప్లాను కోసం కొలతలు తీయడానికి నన్ను కబ్ద్ తీసుకెళ్ళారు. రుమైథియాకు అది పూర్తిగా రెండోవైపు ఎడారి. మేం కొలిచిన చోట మసీదు లేదు, బంకు లేదు, చెట్టు లేదు, ఎవర్నయినా అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నది ఎండ. ఖాదర్ భాయ్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

పటానికి అలవాటు కొద్దీ మూలన ఉత్తరం బాణం కూడా వేశాను. అది మాత్రం సరిగ్గానే వేశాను.